తనకు మాలిన ధర్మం: మనశ్చికిత్సకుల స్వస్థత

“తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం” అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. ధర్మం చేయవద్దని దీని భావం కాదు. పెట్టుబడి పోగొట్టుకున్న వర్తకుడు మరునాడు కొట్టు తెరవలేడు. అట్లే తన శక్తినంతటినీ ఒక్కనాడే ధారపోసినవాడు మరునాడు ఎవరికీ ఉపకరించలేడు. ఈ సామెత అన్ని వృత్తులవారికీ వర్తించేదే అయినా, పరుల దుఃఖాన్ని వినడమే పనిగా గల మనశ్చికిత్సకులకు వర్తించినంతగా మరెవ్వరికీ వర్తించదేమో! యుద్ధమో, వరదయో, మహమ్మారియో వచ్చి అందరి మనస్సులూ కలత చెందినప్పుడు జనమంతా వారి తలుపు తట్టుతారు. అప్పుడు వారి మనస్సును కాపాడేదెవరు? అది వారి సొంత వ్యవహారమని మనం ఊరకుండవచ్చునా?

ముందుగా ఈ వృత్తి స్వరూపాన్ని కొంత తెలుసుకుందాం. సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివినవాడు. మందులు వ్రాసి ఇవ్వగలడు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రంలో ప్రత్యేక శిక్షణ పొందినవాడు. వీరిలో ఎవరైనా సరే, బాధితునితో నియమిత కాలంలో, నియమిత పద్ధతిలో సంభాషించి, మాటల ద్వారానే అతని మనస్సులోని చిక్కు విడదీయడానికి పూనుకుంటే ఆ చికిత్సను సైకోథెరపీ అంటారు. సాధారణంగా ఇది వారానికొకసారి, ముప్పాతిక గంట నుండి గంటసేపు జరుగుతుంది. చూచేవారికి ఇది రెండు కుర్చీలు వేసుకొని మాట్లాడుకోవడంవలెనే కనిపిస్తుంది. ఇందులో శ్రమ ఎక్కడున్నదని కొందరికి సందేహం కలుగవచ్చును.

శస్త్రవైద్యుని చేతిలో కత్తి ఉంటుంది. ఒక శస్త్రచికిత్స ముగియగానే దానిని శుద్ధి చేసి, మరొకరికి వాడతారు; రాత్రికి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మనశ్చికిత్సకుని పనిముట్టు అతని మనస్సే. దానిని ఆసుపత్రిలో వదలి ఇంటికి పోవడానికి వీలులేదు. ఉదయం బిడ్డను కోల్పోయిన తల్లి మాటలు విన్న మనస్సుతోనే అతడు మధ్యాహ్నం భోజనం చేయాలి, సాయంకాలం తన బిడ్డకు లెక్కలు చెప్పాలి. పైగా తాను విన్నదానిని భార్యకుగాని, స్నేహితునికిగాని చెప్పుకోరాదు. గోప్యత ఈ వృత్తికి ప్రాణం. కాని ఆ గోప్యతయే దీనిని ఒంటరి వృత్తిగా కూడ చేస్తున్నది.

ఇది మామూలు రోజుల మాట. కష్టకాలం వచ్చినప్పుడు ఇంకొక విశేషం కలుగుతుంది. దానిని తెలుపడానికి ఒక ఉదంతం చెబుతాను. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లండను నగరంపై జర్మను విమానాలు బాంబులు కురిపిస్తున్నవి. బ్రిటిష్ మనోవిశ్లేషణ సంఘంవారు అప్పుడు సిద్ధాంత విభేదాలమీద తీవ్రమైన చర్చలు సాగిస్తున్నారు. ఒకనాటి సమావేశంలో దగ్గరనే బాంబులు పడుతున్నా వాదం ఆగలేదు. అంతట డోనాల్డ్ విన్నికాట్ అనే వైద్యుడు లేచి, బయట వైమానిక దాడి జరుగుతున్నదని సభవారికి మనవి చేసి కూర్చున్నాడట. ఎవరూ పట్టించుకోలేదు, సభ సాగిపోయినది. ఈ సంగతిని ఆ సమావేశానికి హాజరైన మార్గరెట్ లిటిల్ తరువాత జ్ఞాపకం చేసుకొన్నది. ఈ విన్నికాట్ శిశువైద్యుడు కూడ. ఆ దశకంలోనే బి.బి.సి. రేడియోలో తల్లులనుద్దేశించి ప్రసంగాలు చేసి ప్రసిద్ధుడైనాడు.

ఈ ఉదంతం విని నవ్వుకోవచ్చును. కాని మనుష్యుల మనస్సులోని భయాలను పరిశోధించడంలో ఆరితేరినవారే తమ నెత్తిమీద ఉన్న భయాన్ని గుర్తించకపోవడం గమనింపదగిన విషయం. విన్నికాట్ చేసినది చాల చిన్న పని: ఉన్నమాట పైకి అన్నాడు. కష్టకాలంలో చికిత్సకుడు తన్ను తాను కాపాడుకొనడం ఆ చిన్న పనితోనే ఆరంభమవుతుంది. దాడి బాధితుని ఇంటిమీదనే కాదు, తన ఇంటిమీద కూడ జరుగుతున్నదని ఒప్పుకొనడమే ఆ మొదటి మెట్టు.

మన దేశంలో ఇట్టి స్థితి 2020, 2021 సంవత్సరాలలో అందరికీ అనుభవానికి వచ్చినది. 2020 మార్చి 25వ తేదీన దేశమంతటా లాక్‌డౌను ఆరంభమైనది. అదే కాలంలో టెలిఫోను ద్వారాను, వీడియో ద్వారాను వైద్యసలహా ఇవ్వడానికి ప్రభుత్వం మార్గదర్శక సూత్రాలు ప్రకటించినది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ మానసిక సహాయానికై ఒక హెల్ప్‌లైను నెలకొల్పినది. చికిత్సకులు తమ ఇండ్లలో ఒక మూల కూర్చొని, చెవికి యంత్రం తగిలించుకొని పని చేయసాగారు. అప్పుడు మూడు చిక్కులు ఒక్కసారిగా వచ్చిపడినవి.

మొదటిది, దుఃఖం ఉమ్మడి కావడం. మామూలుగా చికిత్సకుడు గట్టుమీద నిలిచి నీటిలో ఉన్నవానికి చేయి అందిస్తాడు. ఇప్పుడు ఇద్దరూ నీటిలోనే ఉన్నారు. అవతలివారు తమ తండ్రికి ఆక్సిజను దొరకలేదని ఏడుస్తూంటే, ఇవతలి గదిలో చికిత్సకుని తల్లి దగ్గుతున్నది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జరిగిన దాడుల తరువాత అక్కడి చికిత్సకులకు కూడ ఇదే అనుభవం కలిగినది. ఈ స్థితిని పండితులు ఉమ్మడి ఆఘాతమని పేర్కొన్నారు.

రెండవది, గది పోవడం. చికిత్సాలయానికి నడచిపోయే దారి, తలుపు మూసిన చప్పుడు, తిరిగి ఇంటికి వచ్చే బస్సు ప్రయాణం, ఇవన్నీ మనస్సును ఒక పనినుండి మరొక పనికి మళ్లించే సోపానాలు. ఇల్లే చికిత్సాలయమైనప్పుడు ఆ సోపానాలు లేవు. ఒకరి విలాపం ఆగిన మరునిమిషంలోనే వంటింట్లో కుక్కరు కూత వినబడుతుంది.

మూడవది, చేయగలిగినది తక్కువ కావడం. చికిత్సకుడు మనస్సుకు ధైర్యం చెప్పగలడు గాని ఆసుపత్రిలో మంచం తెచ్చి ఇవ్వలేడు. అంత్యక్రియలకు పోలేకపోయిన కొడుకును వెనుకటి దినానికి తీసుకొనిపోలేడు. నిస్సహాయత మనుష్యుని అలసింపజేసినంతగా శ్రమ అలసింపజేయదు.

ఈ అలసటకు శాస్త్రజ్ఞులు వేర్వేరు పేర్లు పెట్టారు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త “బర్నవుట్” అనే మాటను శాస్త్రవ్యాసంలో ప్రవేశపెట్టాడు. అతడు న్యూయార్కులో పగలంతా తన వృత్తి చేసుకొని, రాత్రులు ఒక ఉచిత వైద్యశాలలో మాదకద్రవ్యాలకు లోబడిన యువకులకు సేవచేసేవాడు. అట్టి సేవకులు కొన్నాళ్లకు కాలి బూడిదైన ఇంటివలె లోపల శూన్యమైపోవడం తనలోను, తనతోటివారిలోను అతడు గమనించాడు. తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా మాస్లాక్ ఈ స్థితికి మూడు లక్షణాలు నిర్ణయించినది: మనస్సు పూర్తిగా అలసిపోవడం, ఎదుటివారిని మనుష్యులుగా కాక కేసులుగా చూడడం, తాను చేసే పని నిష్ప్రయోజనమనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన వ్యాధుల పట్టికలో దీనికి స్థానమిచ్చినది; అయితే వ్యాధిగా కాక, పనిచేసే చోట చాలకాలం అణగని ఒత్తిడివలన కలిగే పరిణామంగా వర్ణించినది. ఈ భేదం ముఖ్యమైనది. లోపం మనిషిలోనే కాదు, పని అమరికలో కూడ ఉన్నదని దీని తాత్పర్యం.

బర్నవుట్‌కు చేరువలోనే మరి రెండు స్థితులున్నవి. ఆర్తులపై దయ చూపి చూపి, ఆ దయయే అడుగంటిపోవడం ఒకటి. దీనిని చార్లెస్ ఫిగ్లీ మొదలైనవారు 1990లలో విపులంగా వివరించారు. మనం కరుణాశ్రాంతి అనవచ్చును. ఘోరమైన వృత్తాంతాలు వినీ వినీ, లోకాన్ని చూచే చూపే మారిపోవడం రెండవది. దీనిని 1990లో మెక్‌కాన్, పెర్ల్‌మన్ అనేవారు విశదీకరించారు. పిల్లలపై జరిగే దౌర్జన్యాలను నిత్యం వినే చికిత్సకురాలు తన కూతురిని పొరుగింటికి పంపడానికి కూడ జంకడం ఇట్టిదే.

వీటి చిహ్నాలు మొదట చాల స్వల్పంగా ఉంటవి. ఎదుటివారు మాట్లాడుతూండగా చూపు గడియారంవైపు పోవడం, రావలసినవారు రాకపోతే లోలోపల సంతోషం కలగడం, సోమవారం విన్న కథను బుధవారం వచ్చినవారికి అంటగట్టడం మొదలైనవి. ఇంట్లో బిడ్డ పెన్సిలు పోయిందని ఏడిస్తే “ఇదీ ఒక బాధేనా?” అని విసుగు పుడుతుంది. నిద్ర చెడుతుంది. ఇవన్నీ ఎవరికైనా ఒకనాడు కలిగేవే; వారాల తరబడి నిలిస్తే మాత్రం ఉపేక్షింపరాదు.

ఇంతకూ ఇది బాధితులకు సంబంధించిన విషయమెట్లా అయినది? అలసిన చికిత్సకుడు రెండు విధాల తప్పుదారి పడతాడు. ఒకటి, గడ్డకట్టిపోవడం: మాట వింటాడు గాని మనిషి అక్కడ ఉండడు. ఎదుటివారు ఆత్మహత్యా ప్రసక్తిని మాటల మరుగున చెప్పినా అది అతని చెవికి సోకకుండా పోవచ్చును. రెండవది, కరిగిపోవడం: హద్దులు మరచి అర్ధరాత్రి కూడ ఫోను తీస్తాడు, తానే వారి కష్టాలన్నీ తీర్చబూనుతాడు, సాధ్యంకాని మాట ఇస్తాడు; చివరకు నిలుపుకోలేక వారిని మరింత నిరాశకు గురిచేస్తాడు. ఒకటి నిర్దయగాను, మరొకటి దయగాను కనిపిస్తవి. నష్టపోయేది మాత్రం రెండింటా బాధితుడే. కాబట్టి చికిత్సకుని విశ్రాంతి అతనికి మనం ఇచ్చే వరం కాదు. అది చికిత్సలో భాగం.

ఈ రెండు తీరాల నడిమి మార్గం మన ప్రాచీనులకు తెలియనిది కాదు. చరకసంహిత సూత్రస్థానంలో వైద్యుని వర్తన నాలుగు తెరగులని చెప్పబడినది: ఎల్లరియెడ మైత్రి, ఆర్తులయెడ కారుణ్యం, నయం కాగల వారియెడ ప్రీతి, మరణం ఆసన్నమైన వారియెడ ఉపేక్ష. నేడు ఉపేక్ష అంటే నిర్లక్ష్యమనే అర్థం వాడుకలో స్థిరపడినది. ఇచ్చట దాని అర్థం వేరు: తన చేతిలో లేనిదానిని తన చేతిలో లేదని గుర్తించి, తాను కూలిపోకుండ నిలిచి చూడగలగడం. ఇటీవలి మెదడు పరిశోధనలు కూడ కొంతవరకు ఈ దారినే సూచిస్తున్నవి. ఎదుటివారి బాధను తానే అనుభవించడం వేరు, వారికి మేలు కావలెనని కోరడం వేరు అని జర్మనీలో టానియా సింగర్ బృందంవారు చూపారు. మొదటిదానిలో మాత్రమే శిక్షణ పొందినవారిలో ఖేదం పెరిగినది. రెండవదానిలో శిక్షణ పొందినప్పుడు మనస్సు తేరుకొన్నది.

ఇక చేయవలసినదేమి? ఊపిరి నెమ్మదిగా పీల్చి విడవడం, నడక, నిద్ర, వేళకు భోజనం, ఇవన్నీ అవసరమే. 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒత్తిడి కాలంలో ఆచరించదగిన చిన్న అభ్యాసాలను బొమ్మలతో ఒక పుస్తకంగా ప్రకటించినది. అది చికిత్సకులకు కూడ పనికివస్తుంది. వార్తలను రోజుకు రెండు వేళలకు పరిమితం చేసుకొనడం మంచిదని రేడియోలో పనిచేసే నేను చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చును. అయినా పగలంతా విపత్తును గూర్చి విన్నవారికి రాత్రి కూడ అదే వినిపించడం మేలు కాదు.

అయితే ఈ అభ్యాసాలు ఒంటరిగా చేసుకొనేవి. వృత్తి ఒంటరిదైనప్పుడు మందు కూడ ఒంటరిదైతే చాలదు. అందుచేత అన్నింటికంటె ముఖ్యమైనది తోటివారి తోడు. అనుభవజ్ఞుడైన మరొక చికిత్సకుని వద్ద తన పనిని నియమంగా విన్నవించుకొనే పద్ధతిని సూపర్‌విజన్ అంటారు. బాధితుల పేరు, ఊరు దాచి, తనకు కలిగిన చిక్కును, తన మనస్సులో పుట్టిన భావాన్ని అక్కడ చెప్పుకొంటారు. 1950లలో లండనులోని టావిస్టాక్ క్లినిక్‌లో మైకేల్ బాలింట్ అనే హంగేరీ దేశీయుడు సామాన్య వైద్యులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, రోగులను గూర్చే కాక రోగి వైద్యునిలో రేపిన భావాలను గూర్చి కూడ మాట్లాడించాడు. ఆ గుంపులు నేటికీ అతని పేరుతోనే అనేక దేశాలలో సాగుతున్నవి. విన్నికాట్ 1949లో ప్రకటించిన ఒక వ్యాసంలో మరింత ధైర్యమైన మాట చెప్పాడు: చికిత్సకునికి కొందరు రోగులపై ద్వేషం కూడ కలుగుతుందని, దానిని లేదనుకొన్నవాడే ప్రమాదకారి అని, ఉన్నదని ఎరిగినవాడు దానిని అదుపులో పెట్టుకోగలడని ఆ వ్యాసం సారాంశం.

చికిత్సకుడు తానే మరొకరివద్ద చికిత్స పొందడం నామోషీ కాదు. సిగ్మండ్ ఫ్రాయిడ్ తన ఎనుబదియొకటవ ఏట, 1937లో వ్రాసిన వ్యాసంలో, విశ్లేషకులు అయిదేండ్లకొకసారి తిరిగి తామే విశ్లేషణకు లోబడడం మంచిదని సలహా ఇచ్చాడు. ఆ మరు సంవత్సరమే ఆయన నాజీల వలన వియన్నా విడిచి లండనుకు పోవలసివచ్చినది. కష్టకాలం ఎట్టిదో ఎరిగినవాని సలహా అది.

పని అమరికలో కూడ కొన్ని కట్టుబాట్లు అవసరం. రోజుకు ఇందరనే లెక్క ఉండాలి. తీవ్రమైన ఆఘాతానికి గురియైనవారిని ఒకరి వెంట ఒకరిని కాక, నడుమ కొంత తేలికైన కేసులతో చూడాలి. ఇద్దరి మధ్య పది నిమిషాలు విడిచి, ఆ సమయంలో లేచి నాలుగడుగులు వేసి, ముఖం కడుగుకొని, విన్నదానిని ఒకటి రెండు మాటలలో వ్రాసుకొని పుస్తకం మూయాలి. ఇంటినుండి పనిచేసేవారు పని ముగియగానే వీధి చివరివరకు నడచి తిరిగి రావడం మంచిది. పోయిన బస్సు ప్రయాణానికి అది బదులు. తన ఇంట్లోనే మరణం సంభవిస్తే కొంతకాలం పని ఆపి, తనను నమ్ముకొన్నవారిని మరొకరికి అప్పగించాలి. అది పారిపోవడం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. విపత్తు జరిగిన వెంటనే పనివారినందరినీ కూర్చోబెట్టి, చూచిన ఘోరాలన్నీ ఒకేసారి బలవంతంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు వ్యాపించి ఉండేది. దానివలన మేలు జరుగుతుందని నిరూపణ కాలేదు. కొందరికి కీడు కూడ కలుగవచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని వాడవద్దని సలహా ఇస్తున్నది. 2011లో ఆ సంస్థ ప్రకటించిన మానసిక ప్రథమచికిత్స కరదీపికలో సహాయకులు తమ్ము, తమ తోటివారిని కాపాడుకొనడానికి ప్రత్యేకంగా ఒక భాగం ఉన్నది. పనివేళలకు మితి, జంటగా పనిచేయడం, పని ముగిసిన పిదప విశ్రాంతి అందులోని ముఖ్యాంశాలు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది, అది బలమైనదే. మన దేశంలో సైకియాట్రిస్టులు లక్షమంది జనానికి ముప్పాతిక వంతు మాత్రమే ఉన్నారని 2019లో వేసిన ఒక అంచనా. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలినది. వాకిట ఇందరు నిలిచి ఉండగా చికిత్సకులు విశ్రాంతి తీసుకొనడం న్యాయమా? ఉన్న బావి ఒక్కటే అయినప్పుడు దానిని అడుగంటా తోడడం న్యాయమా అని నేను తిరిగి అడుగుతాను. ఊట ఊరడానికి రాత్రి వ్యవధి ఇచ్చిన ఊరికే మరునాడు నీరు దొరుకుతుంది. అయితే ఈ భారమంతా చికిత్సకుల మీదనే మోపరాదు. కేసుల సంఖ్య తగ్గించకుండ, సెలవు ఇవ్వకుండ, ధ్యానం చేసుకొమ్మని మాత్రం ఉపదేశించే యాజమాన్యం తన బాధ్యతను పనివారి నెత్తిన పెట్టుతున్నదన్నమాట.

మన ఇండ్లలోనివారు చేయగలిగినది కూడ కొంత ఉన్నది. మీకుగాని, మీవారికిగాని చికిత్స జరుగుతున్నట్లయితే, చికిత్సకులు సెలవు తీసుకొన్నప్పుడు తమ్ము వదలివేశారని అనుకోవద్దు. వారు లేని రోజులలో ఎవరిని సంప్రదించవలెనో ముందే అడిగి తెలుసుకోండి. 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన టెలీ-మానస్ ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చును; తెలుగులో మాట్లాడవచ్చును. ఇక ప్రతి కుటుంబంలోను అందరి కష్టాలూ వినే చెవి ఒకటి ఉంటుంది: ఒక అత్తయ్యో, ఒక పెద్దక్కయ్యో. ఆమెకు పట్టా లేదు, జీతం లేదు, సెలవు అంతకన్న లేదు. మీ కష్టం చెప్పుకొన్న తరువాత “నీ సంగతేమిటి?” అని ఆమెను ఒక్కమాట అడగండి.

చికిత్సకుల దినచర్య పుస్తకంలో ఇద్దరి పేర్ల నడుమ ఒక ఖాళీ గీత కనిపిస్తే అది తీరిక అని పొరబడకండి. ఆ పది నిమిషాలు వారివి కావు. తరువాత తలుపు తట్టబోయేవారివి.